సుప్రీంకోర్టును బాగుచేయాలంటే ముందు ఏ షట్టరు దించాలి?

ప్రశ్న ఇదీ: "సుప్రీంకోర్టులో జడ్జీల సంఖ్య పెంచి, దక్షిణాదిలో ఒక బెంచి పెట్టి, కొలీజియం తీసేస్తే అమలాపురం, భీమవరం వైపు వాళ్ల కేసులు త్వరగా తెములుతాయా?"

సంఖ్య పెంచినంత మాత్రాన తెమలవండి. దక్షిణాది బెంచి వల్ల కొంత మేలుంది, అంతకన్నా ఎక్కువ తంటా ఉంది. కొలీజియం (జడ్జీలే కొత్త జడ్జీలను ఎంచుకునే పద్ధతి) సంగతి ముఖ్యమైనదే గానీ మీ కేసు ఆలస్యానికీ దానికీ నేరుగా లంకె తక్కువ. అసలు చిక్కు రాజ్యాంగంలోని 136వ అధికరణం దగ్గరుంది. సైనిక కోర్టులవి తప్ప, దేశంలో ఏ కోర్టు, ఏ ట్రిబ్యునల్ (ఒక్కో రంగానికి విడిగా పెట్టిన న్యాయమండలి) ఇచ్చిన ఏ ఉత్తర్వు మీదైనా "ప్రత్యేక అనుమతి" అడిగి సుప్రీంకోర్టుకు వెళ్లొచ్చు. దీన్నే స్పెషల్ లీవ్ పిటిషన్, ఎస్సెల్పీ అంటారు. అరుదుగా వాడాలని పెట్టిన తలుపు ఇప్పుడు సింహద్వారమై కూర్చుంది.

డెల్టా రైతుకు ఇది తేలిగ్గానే అర్థమవుతుంది. ధవళేశ్వరంలో ఎంత నీళ్లు వదిలినా, కాలవ పొడుగునా పైతూముల షట్టర్లన్నీ బార్లా ఎత్తి ఉంటే శివారు చేలకు చుక్క అందదు. ఇక్కడ నీళ్లంటే జడ్జీల సమయం. శివారు చేలంటే రాజ్యాంగ ధర్మాసనం (రాజ్యాంగ ప్రశ్నలు తేల్చే, ఐదుగురు లేదా అంతకన్నా ఎక్కువ జడ్జీలున్న బెంచి) వినాల్సిన కేసులు. బార్లా ఎత్తిన షట్టరంటే ఆ 136 తలుపు. పెద్ద నోట్ల రద్దు 2016 నవంబరులో జరిగితే దాని చెల్లుబాటు మీద తీర్పు 2023 జనవరి 2న వచ్చింది. ఎన్నికల బాండ్ల మీద 2017లో పిటిషన్లు పడితే 2024 ఫిబ్రవరి 15న తేలింది. పోలవరం మీద ఒడిశా నేరుగా సుప్రీంకోర్టులో దావా వేసింది 2007లో. ఇలాంటివి వినడానికే పెట్టిన కోర్టు సోమవారం, శుక్రవారం వచ్చాయంటే గట్టు తగాదాల కాగితాలు తిరగేస్తూ గడిపేస్తుంది.

సంఖ్య పెంచడం కొత్త వైద్యమేమీ కాదు. 1950లో ప్రధాన న్యాయమూర్తితో కలిపి 8 మంది. 1956లో 11, 1960లో 14, 1977లో 18, 1986లో 26, 2009లో 31, 2019లో 34. ఇన్నిసార్లు పెంచినా ఈమధ్య ఏళ్లలో పెండింగు కేసులు 80 వేలకు పైనే ఉంటున్నాయి. కారణం లెక్కల్లో లేదు, కోర్టు కూర్చునే తీరులో ఉంది. అమెరికాలో తొమ్మిది మందీ ఒకేచోట కూర్చుని వింటారు కాబట్టి ఆ కోర్టుది ఒకే మాట. మన దగ్గర ఇద్దరేసి, ముగ్గురేసి చొప్పున పది పదిహేను బెంచీలు ఒకేసారి నడుస్తాయి. ఒక బెంచి అవునంటే పక్క బెంచి కాదనొచ్చు. కాదన్న ప్రతిసారీ, "మన కేసు ఆ బెంచి ముందు పడితే గెలుస్తామేమో" అన్న ఆశతో మరిన్ని ఎస్సెల్పీలు పడతాయి. జడ్జీలు పెరిగేకొద్దీ బెంచీలు, బెంచీలు పెరిగేకొద్దీ ఆశలు.

భూసేకరణనే చూడండి. 2013 చట్టం సెక్షన్ 24(2) ప్రకారం, పాత చట్టం కింద అవార్డు (పరిహారం ఖరారు చేసే ఉత్తర్వు) ఇచ్చి అప్పటికే ఐదేళ్లు దాటాక కూడా పరిహారం చెల్లించకపోయినా, భూమి స్వాధీనం చేసుకోకపోయినా సేకరణ రద్దవుతుంది. పరిహారాన్ని ట్రెజరీలో జమ చేస్తే "చెల్లించినట్టు" కాదని 2014లో ముగ్గురు జడ్జీలు పుణె కేసులో చెప్పారు. ఆ తీర్పు పట్టుకుని దేశమంతా రైతులు గెలిచారు. 2018 ఫిబ్రవరిలో మరో ముగ్గురు జడ్జీల బెంచి ఆ తీర్పే లెక్కలోకి రాదంది. కొద్ది రోజుల్లోనే ఇంకో ముగ్గురి బెంచి, విషయం తేలేదాకా ఎవరూ ఇలాంటి కేసులు తేల్చొద్దంది. చివరికి 2020 మార్చి 6న ఐదుగురు కూర్చుని, స్వాధీనం చేసుకోకపోవడం, పరిహారం చెల్లించకపోవడం రెండూ జరిగితేనే రద్దని తేల్చారు. ఈ ఆరేళ్లలో ఏ సంవత్సరం కోర్టుకెళ్లాడన్న దాన్ని బట్టి రైతు గెలుపోటములు మారిపోయాయి. ముప్పై నలుగురి బదులు యాభై మంది ఉంటే ఇది తగ్గుతుందా, పెరుగుతుందా?

ఇప్పుడు మన వైపు ఫైలు ఎలా నడుస్తుందో చూస్తే ఎక్కడ కత్తిరించాలో తెలుస్తుంది. అరెకరం కొబ్బరితోట మీద అన్నదమ్ముల తగాదా అనుకుందాం. మొదట జూనియర్ సివిల్ జడ్జి కోర్టు. ఓడినవాడు పై కోర్టులో మొదటి అప్పీలు వేస్తాడు. అక్కడా ఓడితే నేలపాడు దగ్గరున్న హైకోర్టులో సివిల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 100 కింద రెండో అప్పీలు. ఇక్కడే చట్టం ఒక గట్టు కట్టింది: ముఖ్యమైన న్యాయ ప్రశ్న ఉంటేనే హైకోర్టు వినాలి, సాక్ష్యాలు మళ్లీ తూకం వేయకూడదు. అంటే సరిహద్దు రాయి ఎక్కడుంది, దస్తావేజు మీద సంతకం ఎవరిది అన్న విషయాలు కింది రెండు కోర్టుల్లోనే ముగియాలి. కానీ 136 తలుపు తెరిచే ఉంది కాబట్టి నాలుగో మెట్టుకీ ఎక్కుతారు.

ఆ మెట్టు ఎక్కడానికి హైకోర్టు తీర్పు నుంచి 90 రోజుల గడువు. ధ్రువీకరించిన నకలు రావడానికి పట్టిన రోజులు అందులోంచి తీసేస్తారు. తెలుగులో ఉన్న వాంగ్మూలాలు, దస్తావేజులు, అడంగళ్లు ఇంగ్లీషులోకి తిప్పించాలి, ఎందుకంటే 348వ అధికరణం ప్రకారం అక్కడి వ్యవహారమంతా ఇంగ్లీషులోనే. అధికారిక అనువాదం చేయించే తీరిక లేక, మినహాయింపు కోరుతూ ఇంకో దరఖాస్తు జతచేయడం మామూలైపోయింది. తేదీల వారీ పట్టిక, సంక్షిప్త వివరం, అఫిడవిట్, గడువు దాటితే ఆలస్యం మాఫీ దరఖాస్తు. లాయర్లలో ఇవన్నీ దాఖలు చేసే అర్హత అడ్వకేట్ ఆన్ రికార్డ్‌కు మాత్రమే. నాలుగేళ్ల ప్రాక్టీసు తరవాత ఏడాది శిక్షణ పొంది, సుప్రీంకోర్టు పెట్టే పరీక్ష పాసై, ఆ కోర్టు భవనానికి 16 కిలోమీటర్ల లోపు ఆఫీసు ఉన్నవారే ఆ హోదాకు అర్హులు. మీ ఊరి లాయరు ఇరవై ఏళ్లుగా ఆ తోట చరిత్రంతా నోటికి చెప్పగలిగినా వకాలతు మాత్రం ఢిల్లీ మనిషి పేరునే ఉండాలి.

అంతా అయ్యాక మొదటి వాయిదాలో రెండు మూడు నిమిషాలు. కింది కోర్టులన్నీ ఒకే మాట చెప్పాయా? చెప్పాయి. డిస్మిస్డ్. ఎస్సెల్పీల్లో ఎక్కువ భాగం ఇలాగే పోతాయి. చాలామంది చేసే పొరపాటు ఏమిటంటే, సాక్షి ఫలానాచోట అబద్ధమాడాడని పేజీలకు పేజీలు రాయించడం. అక్కడ అది ఎవరికీ పట్టదు. ఇంకో అపోహ, ఒక్క వాక్యంతో కొట్టేస్తే "సుప్రీంకోర్టు కూడా హైకోర్టు తీర్పే సరైనదంది" అనుకోవడం. కున్హయమ్మద్ కేసులో 2000లోనే కోర్టు తేల్చింది: కారణాలు చెప్పకుండా అనుమతి నిరాకరిస్తే హైకోర్టు తీర్పు సుప్రీంకోర్టు తీర్పులో కలిసిపోదు. అది వినడానికి ఇష్టపడలేదని మాత్రమే అర్థం. అంటే ఇంత ఖర్చూ చేసి కొనుక్కున్నది ఒక "వినం" అన్న మాట.

కాబట్టి మొదటి మార్పు ఈ షట్టరు దగ్గరే జరగాలి, దీనికి రాజ్యాంగ సవరణ అక్కర్లేదు. 145వ అధికరణం కింద కోర్టే రాష్ట్రపతి ఆమోదంతో తన నిబంధనలు రాసుకోగలదు. రివ్యూ పిటిషన్లను (ఇచ్చిన తీర్పును మళ్లీ చూడమని అడిగేవి) జడ్జీలు ఇప్పటికే వాదనలు లేకుండా, ఛాంబర్లో కాగితాలు చూసి తేలుస్తున్నారు. ఎస్సెల్పీలనూ అలాగే తేల్చొచ్చు. పది పేజీలు మించని వినతి, అందులో మొదటి పేజీలోనే "ఇందులో దేశమంతటికీ పనికొచ్చే న్యాయ ప్రశ్న ఏది, దాని మీద హైకోర్టులు ఎలా విభేదించాయి" అన్న రెండు జవాబులు. అవి లేకపోతే కాగితం మీదే తిరస్కరణ. ఉరిశిక్ష, జైల్లో ఉన్నవారి బెయిలు లాంటివి మాత్రం నోటి వాదనకు వదిలేయాలి. దీన్ని ఎవరు అడ్డుకుంటారో ఊహించడం కష్టం కాదు: సోమవారాలు, శుక్రవారాలు ఒక్కో కేసుకు రెండు నిమిషాలు నిలబడి సీనియర్ లాయర్లు తీసుకునే ఫీజు దాని మీదే ఆధారపడి ఉంది.

రెండోది, పడుకున్న నిబంధనను లేపడం. 133, 134ఎ అధికరణాల ప్రకారం "ఇది సుప్రీంకోర్టు తేల్చాల్సిన ప్రశ్న" అని హైకోర్టే సర్టిఫికెట్ ఇవ్వొచ్చు. తీర్పు చెప్పిన వెంటనే నోటితో అడిగినా చాలు. ఇప్పుడు దాన్ని అడిగేవారు తక్కువ, ఎందుకంటే అడగకుండానే ఎస్సెల్పీ వేయొచ్చు. సివిల్ కేసుల్లో ముందు సర్టిఫికెట్ అడగాలి, హైకోర్టు కాదంటే ఎందుకు కాదో రెండు వాక్యాలు రాయాలి, ఆ కాగితం జతచేస్తేనే ఎస్సెల్పీ నంబరు ఇవ్వాలి అని నిబంధన పెడితే సగం వడపోత ఇక్కడే అయిపోతుంది. ఎస్సెల్పీకి మార్గదర్శకాలు రాయమని 2010లో ఒక బెంచి రాజ్యాంగ ధర్మాసనానికి పంపింది. 2016 జనవరిలో ఐదుగురు జడ్జీలు అక్కర్లేదన్నారు. అది చేతికొచ్చిన అవకాశాన్ని జారవిడవడమే అనిపిస్తుంది.

మూడోది ప్రభుత్వం. రిటైరైన టీచరు ఇంక్రిమెంటు కేసులో హైకోర్టులో ఓడిన శాఖ, ఏడాది ఆలస్యంగా ఎస్సెల్పీ వేస్తుంది. గెలుస్తామని కాదు. "ఎందుకు వెళ్లలేదు" అని రేపు ఆడిట్ అడిగితే చూపించడానికి ఒక కొట్టివేత కాగితం కావాలి. సుప్రీంకోర్టే 2020 అక్టోబరులో మధ్యప్రదేశ్ కేసు ఒకదాంట్లో వీటికి "సర్టిఫికెట్ కేసులు" అని పేరు పెట్టి, 25 వేల ఖర్చు వేసి, ఆ డబ్బు బాధ్యులైన అధికారుల దగ్గర రాబట్టమంది. ఒకసారి వేస్తే వార్త, ప్రతిసారీ వేస్తే అలవాటు మారుతుంది. దీనికి విరుగుడు కూడా ఉండాలి: అప్పీలుకు వెళ్లకూడదని సకారణంగా రాసి సంతకం చేసిన అధికారిని తరవాత ఎవరూ తప్పుపట్టకూడదని రాష్ట్రమే ఉత్తర్వు ఇవ్వాలి. అది లేకుండా ఖర్చులు మాత్రమే వేస్తే అధికారి ఎటూ ఇరుక్కుంటాడు, మళ్లీ ఢిల్లీకే పంపిస్తాడు.

ఇక పార్లమెంటు మామూలు చట్టంతో చేయగలిగినవి. ఇవి పత్రికల్లో పెద్దగా కనబడవు గానీ మనవాళ్లకు వెంటనే పనికొచ్చేవి ఇవే.

భీమవరం అమ్మాయి, బెంగళూరులో ఉద్యోగం చేసే అబ్బాయి. గొడవై ఆమె పుట్టింటికొచ్చింది, అతను బెంగళూరులో విడాకుల కేసు వేశాడు. ఆ కేసును భీమవరానికి మార్చాలంటే సివిల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 25 కింద సుప్రీంకోర్టుకే వెళ్లాలి, ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రానికి మార్చే అధికారం దానికే ఉంది. దేశ అత్యున్నత న్యాయస్థానం చేయాల్సిన పనా ఇది? 2022 నవంబరులో ఇలాంటివి 3 వేల దాకా ఉన్నాయని చెప్పి, ప్రతి బెంచీ రోజుకు పదేసి చొప్పున వినాలని ఫుల్ కోర్టు (జడ్జీలందరి సమావేశం) నిర్ణయించుకోవాల్సి వచ్చింది. 2019 నుంచి వీటిని ఒక్క జడ్జే వినేలా నిబంధన మార్చారు, అది సగం మందు. పూర్తి మందు హిందూ వివాహ చట్టం సెక్షన్ 19లోనే ఉంది. భార్య తానున్న ఊళ్లోనే కేసు వేసుకోవచ్చని 2003లో చేర్చారు. భర్త వేసినా భార్య ఉన్న ఊళ్లోనే వేయాలని ఇంకో పంక్తి చేర్చి, బదిలీ అధికారం ఆమె రాష్ట్రపు హైకోర్టుకు ఇస్తే ఆ దొంతర మొత్తం ఢిల్లీ నుంచి కదిలిపోతుంది.

రెండో దొంతర ట్రిబ్యునళ్లది. రొయ్యల చెరువు నీళ్లు పక్క చేలోకి వదిలారని జాతీయ హరిత ట్రిబ్యునల్ చెన్నై బెంచిలో కేసు పడిందనుకోండి. దాని ఉత్తర్వు మీద అప్పీలు, ఆ చట్టం సెక్షన్ 22 ప్రకారం, నేరుగా సుప్రీంకోర్టుకే. కరెంటు, టెలికం, దివాలా, షేర్ మార్కెట్, సైనికుల పింఛన్లు ఇలా చట్టం వెనుక చట్టంలో "అప్పీలు సుప్రీంకోర్టుకు" అని రాసేశారు. ట్రిబ్యునళ్లు హైకోర్టు డివిజన్ బెంచి పరిధిలోనే ఉండాలని 1997లో ఎల్.చంద్రకుమార్ కేసులో ఏడుగురు జడ్జీలు చెప్పారు, అయినా రాత మారలేదు. ఆయా సెక్షన్లలో "సుప్రీంకోర్టు" తీసి "హైకోర్టు" పెట్టడమే ఇక్కడ చేయాల్సింది. హైకోర్టుల్లో ఖాళీలు నింపకుండా ఇది చేస్తే బరువు ఒక భుజం మీంచి ఇంకో భుజానికి మారుతుంది, అంతే.

షట్టరు దించడం అంటే 32వ అధికరణం మీద చెయ్యేయడం కాదని కూడా చెప్పాలి. ప్రాథమిక హక్కుల కోసం నేరుగా వెళ్లే దారి అది. తీరప్రాంత రొయ్యల చెరువుల మీద 1996 డిసెంబరు 11న వచ్చిన జగన్నాథ్ తీర్పు ఆ దారినే వచ్చింది, 2005లో పార్లమెంటు తీర ఆక్వా చట్టం చేసి దాని పర్యవసానాలను సర్దింది. అలాంటి వ్యాజ్యాలకు తీరిక దొరకాలనే ఈ గోలంతా.

దక్షిణాది బెంచి దగ్గరికొద్దాం. 130వ అధికరణం ప్రకారం రాష్ట్రపతి ఆమోదంతో ప్రధాన న్యాయమూర్తి ఢిల్లీ కాని చోటా కోర్టు పెట్టొచ్చు, సవరణ అవసరం లేదు. 2009లో లా కమిషన్ 229వ నివేదిక, రాజ్యాంగ ధర్మాసనం ఢిల్లీలో, అప్పీళ్లు వినే బెంచీలు ఢిల్లీ, చెన్నై లేదా హైదరాబాద్, కోల్‌కతా, ముంబైలలో పెట్టమంది. అంతకు ముందే 95వ నివేదిక (1984), 125వ నివేదిక (1988) కోర్టును రెండుగా విడదీయమన్నాయి. ఫుల్ కోర్టు మాత్రం బెంచీలు వద్దని పదే పదే అంది, 2010లోనూ అదే మాట. 2023లో పార్లమెంటు స్థాయీ సంఘం మళ్లీ కావాలంది.

మన వైపు నుంచి చూస్తే, రాజమండ్రిలో ఏపీ ఎక్స్‌ప్రెస్ ఎక్కి ఢిల్లీ చేరడానికి ఒకటిన్నర రోజు దాకా పడుతుంది, కోనసీమ వాళ్లు ముందు రాజమండ్రి చేరాలి. ఆ లెక్కన చెన్నై దగ్గరే. కానీ ఎస్సెల్పీలో కక్షిదారు వెళ్లి నిలబడాల్సిన పని దాదాపు ఉండదు. ఖర్చంతా అక్కడి లాయరుది, అనువాదానిది. షట్టరు దించకుండా నాలుగు బెంచీలు పెడితే నాలుగు సుప్రీంకోర్టులవుతాయి. భూసేకరణలో ఒకే భవనంలో జరిగిందే నాలుగు ఊళ్లలో జరుగుతుంది. దగ్గరగా ఉంది కదా అని ఇప్పుడు వెళ్లనివాళ్లు కూడా వెళతారు. విడిగా జాతీయ అప్పీలు కోర్టు అన్న ఆలోచన ఇంకా నచ్చదు. 2016లో దాన్ని రాజ్యాంగ ధర్మాసనానికి నివేదించారు. అరెకరం కొబ్బరితోటకు నాలుగు మెట్లు చాలవా, ఐదోది కూడా కట్టాలా? దానికి బదులు ఆ 16 కిలోమీటర్ల నిబంధన తీసేసి, కాకినాడ లాయరు కూడా పరీక్ష రాసి, ఈ-ఫైలింగులో దాఖలు చేసి, వీడియోలో వాదించేలా చేస్తే బెంచి వల్ల వచ్చే లాభంలో చాలా భాగం పైసా ఖర్చు లేకుండా వస్తుంది. వీడియో విచారణ ఇప్పటికే ఉంది, అడ్డున్నది రూలొక్కటే.

మిగిలిన తీరికతో చేయాల్సింది శాశ్వత రాజ్యాంగ ధర్మాసనం. ఇప్పుడు ఐదుగురిని అప్పటికప్పుడు ఏరితే రెండు మామూలు బెంచీలు మూతపడతాయి, అందుకే ప్రధాన న్యాయమూర్తి వెనకాడతారు. ఎవరిని ఏరాలన్నదీ ఆయన ఇష్టమే. 2018 జనవరి 12న నలుగురు సీనియర్ జడ్జీలు పత్రికల ముందుకొచ్చింది ఈ కేటాయింపుల మీదే. ఆ ఏడాదే జులైలో కోర్టు ఆ అధికారం ప్రధాన న్యాయమూర్తిదేనని మళ్లీ చెప్పింది. ఏడాది పొడుగునా మంగళ, బుధ, గురువారాలు ఐదుగురు వేరే పనేమీ లేకుండా కూర్చుంటే ఏరే అవసరమే తగ్గుతుంది. సీనియారిటీ ప్రకారం వచ్చే ప్రధాన న్యాయమూర్తి పదవికి కాలం తక్కువ కావడమూ ఇందుకు అడ్డే: 1991లో కమల్ నారాయణ్ సింగ్ మూడు వారాలు కూడా లేరు, 2022లో యు.యు.లలిత్ 74 రోజులు. సీనియారిటీ వదిలేయమంటే భయం ఎందుకంటే, 1973లో (రాజ్యాంగ మౌలిక స్వరూపాన్ని పార్లమెంటు మార్చలేదన్న) కేశవానంద తీర్పు మర్నాడే ముగ్గురిని దాటేసి నాలుగో ఆయన్ను కూర్చోబెట్టిన జ్ఞాపకం ఉంది. కనీసం రెండేళ్లు మిగిలిన వారిలో సీనియర్ అని రాసుకుంటే రెండు భయాలూ తీరతాయి.

నియామకాల గురించి క్లుప్తంగా. జడ్జీలే జడ్జీలను ఎంచుకునే పద్ధతి 1993 తీర్పుతో వచ్చింది, 1998లో ఐదుగురి కొలీజియంగా స్థిరపడింది. దాని బదులు 99వ సవరణ తెచ్చిన నియామకాల కమిషన్‌ను 2015 అక్టోబరు 16న నలుగురు కొట్టేశారు, కృష్ణా జిల్లాకు చెందిన జస్టిస్ చలమేశ్వర్ ఒక్కరే విభేదించారు. ఆ కమిషన్లో ఆరుగురిలో ఏ ఇద్దరు కాదన్నా పేరు ఆగిపోయేది, ఆ లోపం నిజమే. కానీ ప్రధాన న్యాయమూర్తికి వీటో లాంటిది ఇవ్వడం ప్రమాదమని రాజ్యాంగ సభలో అన్నది, మన కోనసీమ జిల్లా పేరులో ఉన్న అంబేద్కరే. కొలీజియాన్ని ఉంచినా దానికి శాశ్వత సచివాలయం, రాతపూర్వకమైన కొలబద్ద, కేంద్రం పేర్లను నెలల తరబడి నొక్కిపెట్టకుండా కచ్చితమైన గడువు ఉండాలి.

రిటైరయ్యాక పదవుల సంగతి మాత్రం సవరణతోనే తేలాలి. కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్ దిగిపోయాక ప్రభుత్వంలో ఏ పదవీ తీసుకోకూడదని 148(4)లో ఉంది. జడ్జీల విషయంలో 124(7) కోర్టుల్లో వాదించకూడదని మాత్రమే అంటుంది. రాజమండ్రిలో పుట్టిన కోకా సుబ్బారావు 1967లో ప్రధాన న్యాయమూర్తిగా రాజీనామా చేసి రాష్ట్రపతి ఎన్నికలో నిలబడ్డారు. రంజన్ గొగోయ్ 2020లో రాజ్యసభకు వెళ్లారు. జస్టిస్ అబ్దుల్ నజీర్ 2023 జనవరిలో రిటైరై ఫిబ్రవరిలో మన రాష్ట్ర గవర్నరయ్యారు. వ్యక్తుల నిజాయితీ మాట పక్కనపెట్టండి, కేసు ఓడినవాడికి అనుమానం రాకుండా ఉండాలంటే ఆ 148(4) మాటలే తెచ్చి 124లో పెట్టాలి. మానవ హక్కుల కమిషన్, లోక్‌పాల్ లాంటి చట్టాలు రిటైరైన జడ్జీలనే అడుగుతున్నాయి కాబట్టి వాటికి మినహాయింపు రాయాలి, లేకపోతే అవి ఖాళీగా పడి ఉంటాయి.

ఇప్పటికే చేతిలో హైకోర్టు తీర్పు పట్టుకుని ఈ ప్రశ్న అడుగుతున్నట్టయితే, ముందు ధ్రువీకరించిన నకలుకు ఆ వారంలోనే దరఖాస్తు పెట్టండి. కింది కోర్టులన్నీ ఒకే మాట చెప్పిన వాస్తవాల తగాదా అయితే ఢిల్లీకి పెట్టే డబ్బు తోటలో పెట్టడం నయం. నిజంగా న్యాయ ప్రశ్న ఉంటే, మహిళలు, ఎస్సీ, ఎస్టీలు, దివ్యాంగులు, జైల్లో ఉన్నవారికి ఆదాయంతో పనిలేకుండా, మిగతావారికి ఏడాదికి 5 లక్షల లోపు ఆదాయముంటే, సుప్రీంకోర్టు న్యాయసేవల కమిటీ ఉచితంగా లాయర్ని ఇస్తుంది. 15100కు ఫోన్ చేసినా, మీ ఊరి కోర్టు ఆవరణలోని మండల న్యాయసేవా కమిటీలో అడిగినా దరఖాస్తు ఎలా పెట్టాలో చెబుతారు. 90 రోజులు ఇట్టే గడిచిపోతాయి కాబట్టి అనువాదం పని ఈలోగానే మొదలెట్టించండి.